పక్క కాగితంలో నాలుగు తూట్లు

ఇప్పుడు రాయబోయే దాంట్లో ఒక్క అక్షరం కూడా అబద్ధం లేదు. దుకాణంలో కిలో రాయి మీద కుడిచేయి పెట్టి, మా లాల్‌దర్వాజా మహంకాళి తల్లి వైపు ముఖం తిప్పి ఈ మాట రాస్తున్నాను. కుడిచేయి రాయి మీద ఉంటే రాస్తున్నది ఏ చేత్తో అని అడిగేవాళ్ళు ఉంటారు. మా గల్లీలో అలాంటివాళ్ళే ఎక్కువ.

నాది తరాజుల రిపేరు దుకాణం. చార్మినార్ దగ్గర ముత్యాలు తూచే చిన్న తరాజుల నుంచి కార్వాన్‌లో బస్తాలు తూచే పెద్ద కాంటాల దాకా, ఒక పక్కకు ఒరిగిన ప్రతిదాన్నీ సరిచేసి పంపుతాను. నా నోటిని మాత్రం ఇంతవరకు ఎవరూ సరిచేయలేదు. "నీ తరాజు సక్కగనే ఉంటది, నీ నోరే ఒక దిక్కు గుంజుతది" అని మా ఆవిడ పెళ్ళైన మూడో నెలలోనే తేల్చేసింది.

దానికి కారణం పదమూడు బుగ్గలు. గాలి ఊదిన రబ్బరు బుడగల్ని మా దగ్గర బుగ్గలంటారు. బోనాల జాతరలో బోర్డుకు బుగ్గలు కట్టి, చేతికి తుపాకి ఇచ్చి కొట్టమంటారు కదా, ఆ తుపాకిలో వేసే చిన్న సీసపు గింజ పేరు ఛర్రా. పెళ్ళికి ముందు నేను ఒకే ఒక్క ఛర్రాతో పదమూడు బుగ్గలు పగలగొట్టాననీ, దుకాణంవాడు దండం పెట్టి బోర్డు ఎత్తుకుపోయాడనీ చెప్పేవాణ్ణి. మొదట్లో అవి మూడే బుగ్గలు. కూతురు పుట్టాక ఏడయ్యాయి. అది మాటలు నేర్చి "మల్ల చెప్పు డాడీ" అనడం మొదలుపెట్టాక పదమూడు దగ్గర ఆగాయి. అంతకు మించితే నాకే నమ్మకం కుదరలేదు.

ఎనిమిదేళ్ళప్పుడు అది జాతరలో అదే తుపాకి పట్టుకుని ఐదు దెబ్బలకు నాలుగు బుగ్గలు కొట్టింది. నేను నోరు తెరిచాను.

"నీకు పదమూడు ఎట్ల పల్గినయ్ డాడీ?" అంది, తను కొట్టిన నాలుగింటి కంటే అదే పెద్ద సంగతన్నట్టు.

"గాలి చూసి కొట్టిన బిడ్డా" అన్నాను. నోటికి వచ్చింది అన్నాను, అంతే. అది ఆ మాటను పట్టుకుంది. డాబా ఎక్కి పతంగులు ఎటు వంగుతున్నాయో, ఎదురింటి చీర ఎంత ఎగురుతోందో చూస్తూ కూర్చునేది.

ఇప్పుడు దానికి పదిహేడేళ్ళు. రెండేళ్ళుగా ఒక క్లబ్బులో నాలుగు గోడల మధ్య పది మీటర్ల దూరం నుంచి ఎయిర్ రైఫిల్ కొడుతోంది. అదీ ఛర్రా తుపాకే, కాకపోతే పెద్దమనిషి తరహా. అక్కడి కోచ్ మిలిటరీలో చేసి వచ్చిన కార్వాన్ మనిషి. ఒకరోజు నా దుకాణానికే వచ్చాడు.

"సేఠ్, ఈ పిల్లను లోపల కూసోబెట్టొద్దు. గాలి చదువుతది ఈమె. బయట యాభై మీటర్ల మీద పాయింట్ టూ టూ రైఫిల్ ఇస్తా. అమ్మాయిల బ్యాచ్‌ల ఒక్కటే జాగ ఉన్నది. సోమవారం లోపల అమ్మానాయినలిద్దరి సంతకాలు కావాలె" అని ఒక ఫారం చేతిలో పెట్టాడు.

గాలి చదువుతుందట. నా నోట్లోంచి ఊడిపడ్డ అబద్ధం దాని కంట్లో నిజమై కూర్చుంది. ఆ జాగ దానికి దక్కాల్సిందేనని అప్పుడే అనుకున్నాను. నా సంతకం వెంటనే పెట్టేశాను. మా ఆవిడ మాత్రం ఫారం ముట్టుకోలేదు.

"ఛర్రా కొడ్తే ఆట అనుకున్న. ఇది మందు పెట్టి పేల్చే తుపాకి. గుండు పోతది. ఆడివిల్ల చేతికి గిది ఎందుకు?"

"చిన్న గుండే మమ్మీ" అంది కూతురు.

"పాము పిల్ల గూడ చిన్నగనే ఉంటది."

కూతురు ఏడవలేదు, అరవలేదు. షూటింగ్ జాకెట్ మడతపెట్టి అల్మారా మీద, పండగలకు మాత్రమే దించే గిన్నెల పక్కన పెట్టేసింది. రెండు రోజులు ఆ జాకెట్ వైపు చూడకుండా నేను అన్నం తినలేకపోయాను. మూడో రోజు మా ఆవిడే తీర్పు చెప్పింది.

"నువ్వు పోయి కొట్టి రా. మంచేంది, చెడ్డేంది తూచి నాకు చెప్పు. నువ్వు కొట్టిన కాగితం గూడ తే. కథ చెప్పినవో, ఆ ఫారం పొయ్యిల పెడ్త."

"తూచుడు నా పనే గదా."

"రాళ్ళు గాదు. ఈ ఒక్కసారి నిజం తూచి తే."

పిల్ల భవిష్యత్తు నా మాట మీద నిలబడిందన్నమాట. మా ఇంట్లో ఇరవై ఏళ్ళుగా చెల్లని మాట అది. అయినా సరే, ఈసారి అమ్మే సరుకులా కాకుండా కొనే సరుకులా చూసి రావాలని గట్టిగా అనుకున్నాను.

ఆదివారాలు తల్లిదండ్రులు వచ్చి, కోచ్ పక్కనుండగా ఐదు గుండ్లు కొట్టి చూడవచ్చన్నది ఆ క్లబ్బు పద్ధతి. ఊరి బయట రేంజిలో కోచ్ ఆ రైఫిల్‌ను నా రెండు చేతుల్లో పెట్టాడు.

"ఐదు కిలోల నాలుగు వందలు" అన్నాను.

"సహీ" అన్నాడు, కొంచెం బిత్తరపోయి. చేతి తూకంలో నేను అబద్ధమాడను.

తర్వాత తూటా. చిటికెన వేలి చివర అంత ఉంది. మూడు గ్రాముల పైచిలుకు. ముత్యాల తరాజులో పెట్టాల్సిన వస్తువు. "ఒకటి ఇయ్యి భాయ్, దుకాణంల సరిగ్గ తూచి తెస్త" అంటే నవ్వాడు. "ఖాళీ డొప్ప గూడ ఈడికెళ్ళి బయటికి పోదు సేఠ్. రైఫిల్ గూడ గంతే. పొద్దుమీకితే క్లబ్బు అల్మారిల తాళం పడాలె."

నేను మనసులో రెండు పళ్ళేలు వేలాడదీశాను. కుడి పళ్ళెంలో: ఒకసారి ఒకే తూటా పెట్టాలి, కాబట్టి తొందరపడినా తుపాకి తొందరపడదు. చప్పుడు చిన్నది, బెత్తంతో బల్ల మీద కొట్టినట్టు. భుజానికి తన్ను లేదు. ఎడమ పళ్ళెంలో ఏం పెట్టాలని కోచ్‌నే అడిగాను. అతను తూటాల డబ్బా తిప్పి చూపించాడు. ఈ గుండు కిలోమీటరున్నర దాకా పోగలదు, జాగ్రత్త అని రాసి ఉంది. టార్గెట్ల వెనక ఎత్తైన మట్టికట్ట ఎందుకుందో అప్పుడర్థమైంది. ఇంకొకటి, దీని నిప్పుమందు తూటా అడుగున అంచులో ఉంటుంది. అంచంతా మందు సమానంగా పరుచుకోకపోతే ఎప్పుడైనా ఒకటి పేలకుండా మొండికేస్తుంది. అవీ పళ్ళెంలో వేసుకున్నాను.

చాప మీద బోర్లా పడుకున్నాను. పొట్ట నేలకు ఆనింది. తలా కాళ్ళూ ఆనలేదు.

"సేఠ్, పండుకున్నవా, ఊగుతున్నవా? తరాజు లెక్క మధ్యల ముల్లు మీద నిలవడ్డవ్" అన్నాడు కోచ్. వెనక నిలబడ్డ కూతురు నవ్వు ఆపుకోవడం వినిపించింది.

మొదటి గుండు కొట్టాను. కోచ్ దుర్బీనులో నా కాగితం చూశాడు. "ఏం లేదు." రెండోది. "ఏం లేదు." మూడోది, నాలుగోది. "మట్టికట్టకు గాని ముట్టినయా ఏంది?" అన్నాడు.

ఐదోది నొక్కితే టిక్కుమంది. అంతే. పేలలేదు. నేను తల ఎత్తబోయాను.

"కదలకు! తుపాకి మూతి ముంగటికే ఉండాలె. ముప్పై దాక లెక్కపెట్టు" అని కోచ్ అరిచాడు. ఆలస్యంగా పేలినా పేలవచ్చట. ముప్పై అంకెలు అంత పొడుగ్గా ఉంటాయని నాకు తెలియదు. చెమట కంట్లోకి దిగింది. అప్పుడు వెనక నుంచి కూతురు, ఇంట్లో ఎప్పుడూ వినని గొంతుతో అంది: "డాడీ, వేలు బయటికి తియ్యి. ఊపిరి ఇడువు. ఏం కాదు, నేనున్న."

దానికి నేను సైకిలు నేర్పినప్పుడు అన్న మాటలే అవి. అప్పుడు నా గొంతు ఇంత స్థిమితంగా లేదు.

ముప్పై అయ్యాక కోచ్ ఆ మొండి తూటాను తీసి విడిగా ఒక డబ్బాలో వేశాడు. నా ఆట ముగిసింది. సరిగ్గా అప్పుడే పక్క చాప మీది పెద్దావిడ, రిటైరైన పంతులమ్మ, తన దుర్బీనులోంచి తల ఎత్తి, కళ్ళద్దాలు సవరించుకుంటూ లేచింది.

"కోచ్ సారూ, నేను కొట్టినవి పది. నా పేపర్ల పద్నాలుగు పొక్కలున్నయ్. ఏంది కథ?"

అందరూ నా వైపు తిరిగారు.

"ముప్పై ఏండ్లు పిల్లలకు పరీక్షలు పెట్టిన" అందామె. "పక్కోని పేపర్ల చూసి రాసేటోళ్ళను మస్తు మందిని పట్టిన. పక్కోని పేపర్లనే రాసిపోయేటోన్ని ఇయ్యాలనే చూస్తున్న నాయినా!"

తిరుగు ప్రయాణం ఆటోలో కూతురు మెల్లగా, "ఒక్కటన్న తగిలిందని చెప్పరాదా డాడీ. లేకుంటే మమ్మీ నమ్మదు" అంది.

"ఈసారి కాదు బిడ్డా."

మా ఆవిడ వంటింట్లో గోంగూర ఆకు తెంపుతోంది. ఆమె ముందు కాగితం పరిచాను. తెల్లగా, నల్లటి చుట్టలతో, ఒక్క తూటు లేకుండా. నాలుగు గుండ్లు పంతులమ్మ కాగితంలోకి పోవడం, ఐదోది పేలకపోవడం, పొట్ట మీద ఊగడం, అంతా చెప్పాను. గుండు కిలోమీటరున్నర పోగలదనీ చెప్పాను. ఆమె చేతిలోని కాడ ఆగిపోయింది. కూతురు నా వైపు గుర్రుగా చూసింది. నేను ఆపలేదు. మట్టికట్ట గురించి, తాళం గురించి, ముప్పై అంకెల గురించి, ఆ ముప్పై అంకెల్లో పిల్ల నాతో ఏమందో కూడా చెప్పాను.

మా ఆవిడ కాగితాన్ని వెలుతురుకు ఎత్తి చూసింది. కింద పెట్టింది. అప్పుడు అసలు ప్రశ్న వేసింది.

"జాతరల బుగ్గలు ఎన్ని పల్గినయ్?"

కూతురు నా ఎదురుగానే ఉంది. తొమ్మిదేళ్ళుగా అది మోసుకుంటున్న బరువు ఆ పదమూడు.

"ఒక్కటి" అన్నాను. "అది గూడ పక్కోడు కొట్టిందేమోనని అనుమానం."

కూతురు గోంగూర కట్ట ఒకటి తన ముందుకు లాక్కుని ఆకు తెంపడం మొదలుపెట్టింది. "నాకెప్పుడో ఎరుక డాడీ" అంది తల ఎత్తకుండా. "ఒక్క ఛర్రాకు ఒక్కటే పల్గుతది. ఎనిమిదేండ్లకే కొట్టి చూసిన గదా."

మా ఆవిడ చేయి కొంగుకు తుడుచుకుని పెన్ను అడిగింది.

"ఇరవై ఏండ్లల మొదటిసారి నిన్ను నువ్వు తక్కువ చేసుకొని మాట్లాడినవ్. గందుకే నమ్ముతున్న" అంటూ సంతకం పెట్టింది. అల్మారా మీది జాకెట్‌ను తనే దించి దులిపింది.

ఇప్పుడు కూతురు వారానికి మూడు రోజులు యాభై మీటర్ల మీద కొడుతోంది. మా ఆవిడ కూడా ఆదివారాలు వచ్చి పంతులమ్మ పక్కన కుర్చీ వేసుకుని గాలి తెలియడానికి పాతిన జెండాలు ఎటు ఊగుతున్నాయో చూస్తుంది.

ఇక కిలో రాయి మీద నుంచి చేయి తీస్తున్నాను. పైన రాసిందంతా నిజమే, ఒక్కటి తప్ప. నా ఆట ఐదో తూటాతో ముగిసిందన్నది నేను కల్పించాను. పేలని దానికి బదులు కోచ్ ఆరోది ఇచ్చాడు. ఊపిరి వదిలి, ఈసారి టార్గెట్ మీది నా నంబరు చూసుకుని, నా కాగితం మీదే కొట్టాను. నల్లటి మధ్య భాగంలో, నట్టనడుమ ఉండే పదికి ఒక్క చుట్ట ఇవతల, తొమ్మిది దగ్గర దిగింది. కోచ్ దాని పక్కన సంతకం కూడా చేశాడు.

దాన్ని తెచ్చి చూపిస్తే మా ఆవిడ ఏమనేదో నాకు తెలుసు: "ఏ దుకాణంల కొన్నవ్?" అనేది. ఫారం పొయ్యిలోకి పోయేది. అందుకే కోచ్‌ను అడిగి కొత్త కాగితం ఒకటి తెచ్చి ఆమె ముందు పరిచాను. పక్కనే నిలబడి అంతా చూసిన కూతురు, ఆటోలో ఒకసారి ఆశపడింది గానీ, ఇంట్లో పెదవి విప్పలేదు. అది నా బిడ్డే అనడానికి వేరే సాక్ష్యం అక్కర్లేదు.

అసలు కాగితం దుకాణంలో పెద్ద కాంటా అడుగు పలక కింద ఉంది. మా ఆవిడ ఇది చదివితే వెళ్ళి ఎత్తి చూసుకోవచ్చు. తొమ్మిదే. పది అని రాద్దామని పెన్ను రెండుసార్లు లేచింది.