నేపుల్స్ చర్చిలో పాలరాతి దుప్పటి

మలయాకి మెర్డెకా, అంటే స్వాతంత్ర్యం, వచ్చిన మరుసటి ఏడు టీచర్ ట్రైనింగుకని ఇంగ్లండు పంపిన ఆడపిల్లల్లో నేనూ ఒకదాన్ని. పెనాంగులో ఓడెక్కాం. దాదాపు మూడు వారాల తర్వాత ఒక పొద్దున ఓడ నేపుల్స్ రేవులో ఆగింది. ఊరు చూసి సాయంత్రం ఆరింటికల్లా తిరిగి ఎక్కాలన్నారు.

నా కేబిన్‌లో ఉన్న అమ్మాయిది కౌలాలంపూర్ బ్రిక్‌ఫీల్డ్స్. తమిళ క్రిస్టియన్ల పిల్ల. మేమిద్దరం తమిళంలోనే మాట్లాడుకునేవాళ్ళం. నేపుల్స్‌లో ఏ ఏ చర్చిలు చూడాలో, ఏ మ్యూజియానికి వెళ్ళాలో వాళ్ళ చర్చి ఫాదర్ చేత కాగితం మీద రాయించుకుని తెచ్చింది. నేను హుటాన్ మెలింటాంగ్ పక్కన కొబ్బరి ఎస్టేటులో పెరిగినదాన్ని. చేపల పడవలూ బురద ఏరూ తప్ప నాకేం తెలుసు? ఆమె వెంట నడిచాను.

మొదటి చర్చిలో తలెత్తి చూస్తే పైకప్పంతా బంగారు పూత. మెడ నొప్పెట్టేదాకా చూశాను. రెండోది యుద్ధంలో బాంబులు పడి తగలబడితే మళ్ళీ నిలబెట్టిన చర్చి. దాని వెనక తోటలో స్తంభాలకీ అరుగులకీ పసుపు, నీలం పింగాణీ పలకలు తాపారు. వాటి మీద ద్రాక్ష తీగలు, పడవలు, వల లాగే మనుషులు. మా ఊరి రేవే అక్కడికి వచ్చి కూర్చున్నట్టు అనిపించి నవ్వుకున్నాను.

బస్సెక్కి కొండ మీది మ్యూజియానికి వెళ్ళాం. అక్కడ నవ్వు పోయింది. ఒక పటంలో ఇద్దరు ఆడవాళ్ళు ఒక మగవాణ్ణి పరుపు మీద అదిమిపట్టి మెడ కోస్తున్నారు. తెల్లటి దుప్పటి మీద నెత్తురు చారలు. చూడ్డానికి వచ్చిన ఒక పెద్దాయన టోపీ చేత్తో పట్టుకుని, దగ్గరికి వంగి, నింపాదిగా చూస్తున్నాడు. చంపడాన్ని ఇంత శ్రద్ధగా గీసి, గోడకి తగిలించి, టిక్కెట్టు పెట్టి చూపిస్తారా?

"ఇంకొక్కటే ఉంది, చిన్న చర్చి. చూసి వెళ్ళిపోదాం," అంది నా స్నేహితురాలు.

ఆ చిన్న చర్చి మధ్యలో ఒక శవం పడుకుని ఉంది. ఏసుక్రీస్తుని సిలువ మీంచి దించి పరుపు మీద పడుకోబెట్టి, పైన పల్చటి దుప్పటి కప్పినట్టు చెక్కారు. మనిషీ, పరుపూ, దుప్పటీ అన్నీ పాలరాయే. తడిసి ఒంటికి అంటుకున్నట్టున్న ఆ దుప్పటి కింద ముక్కు కనిపిస్తోంది, నుదుటి మీద నరం కనిపిస్తోంది. నేను ఏం చేస్తున్నానో నాకు తెలీదు. చెయ్యి చాచి దుప్పటి అంచు పట్టుకుని ఎత్తబోయాను. చల్లటి గట్టి రాయి వేళ్ళకి తగిలింది. కాపలావాడు కేకేశాడు. నేను అక్కడే నేల మీద కూలబడ్డాను.

నా స్నేహితురాలు నాకేదో భక్తి పూనిందనుకుంది. భక్తి కాదు. అలాంటి ముఖాన్ని, అలాంటి తడి గుడ్డ కింద, నేను పన్నెండేళ్ళప్పుడు చూశాను.

అడవుల్లో చేరిన కమ్యూనిస్టుల మీద తెల్లదొరలు మలయాలో పెట్టిన ఎమర్జెన్సీ రోజులవి. నాన్న ఎస్టేటు ఆఫీసులో గుమాస్తా. బడికి బూట్లు కొనడానికి నన్ను బస్సులో టౌనుకి తీసుకెళ్తున్నాడు. పోలీస్ స్టేషను ముందు బస్సు ఆపి అందర్నీ దింపారు. దారిన పోయేవాళ్ళనీ బజారు వాళ్ళనీ కూడా వరసలో నిలబెట్టారు. అడవిలో కాల్చి చంపిన ముగ్గుర్ని ఆవరణలో గోనెపట్టా మీద పరిచి, పైన సరోంగు లుంగీలు కప్పారు. చినుకులు పడి గుడ్డలు ముఖాలకి అంటుకుపోయాయి. ఒక కానిస్టేబులు గుడ్డ ఎత్తి ఒక్కొక్కర్నీ "కెనాల్?" అని అడుగుతున్నాడు. తెలుసా అని.

మధ్య శవం గుడ్డ ఎత్తకముందే నేను గుర్తుపట్టాను. మా ఎస్టేటుకి సైకిలు మీద చేపలు తెచ్చే చైనా మనిషి. నాకు సైకిలు తొక్కడం నేర్పింది అతనే. ఏడాదిగా కనపడ్డం మానేశాడు.

నాన్న ఆ ముఖాన్ని తేరిపార చూశాడు. "తక్ కెనాల్, తువాన్," అన్నాడు. తెలీదు దొరా అని.

నేను నోరు తెరవబోతే నా మణికట్టు నొక్కిపట్టాడు. బస్సెక్కాక మెల్లిగా అడిగాను, "ఏటి నాన్నా, మనకి తెలుసు కదా?"

"నోరు ముయ్యి. నాను తెలీదన్నాను. నువ్వూ అదే అనాల."

అబద్ధం ఆడితే చెంప పగలగొట్టే నాన్న. ఆ పూట బూట్లు కొన్నాం. ఇంటికొచ్చి అన్నం తిన్నాం. ఆ మాట మళ్ళీ మా మధ్య రాలేదు.

చదువు ముగించి నేను తిరిగొచ్చిన ఏడే ఎమర్జెన్సీ ఎత్తేశారు. ఒక మధ్యాహ్నం వరండాలో నేపుల్స్ చర్చిల గురించి చెబుతూ ఆ పాలరాతి శవం, దాని మీది తడి దుప్పటి దాకా వచ్చి ఆగిపోయాను. నాన్న చేతిలో టీ గ్లాసు కింద పెట్టాడు.

"ఆ దినం నువ్వు నన్ను అసయ్యించుకున్నావు. నాకు తెలుసు."

"అవును నాన్నా."

"మన ఎనక ఇద్దరి తరవాత ఒక ముసిల్ది నిలబడింది. సూసినావా?"

"లేదు."

"ఆడి తల్లి. బజార్ల ఉప్పు సేపలమ్ముతాది. గుడ్డ ఎత్తి అడిగితే ఆ ముఖం సూసి, తెలీదని తలూపీసి ఎల్లిపోనాది. మిగిలిన ఇద్దరు కొడుకుల్నీ అట్టుకుపోతారని. నాను తెలుసంటే, ఆ తరవాత ఆమె ఏటనాల?"

కన్నతల్లి. ఏడవకుండా, నడక తడబడకుండా ఆ ఆవరణ దాటి వెళ్ళింది. నేను ఆవిడకి నాలుగడుగుల ముందు నిలబడి నాన్న అబద్ధమాడాడని ఉడుక్కుంటున్నాను.

"ఇన్నేళ్ళూ ఎందుకు సెప్పనేదు?"

"ఎవులికి సెప్పాల? నీకు సెప్తే నువ్వు ఆమెని సూసి ఏడుస్తావు. అది సాలు పోలీసోల్లకి."

వారం రోజులు బజారుకి పోలేకపోయాను. తర్వాత వెళ్ళాను. ఎండు చేపల గంపల వెనక సన్నటి ముసలి మనిషి, చురుకైన చేతులు. నా పక్కన నిలబడ్డ మలాయ్ ఆవిడ బేరమాడుతూ, "నీకెంతమంది కొడుకులు?" అని మాటవరసకి అడిగింది.

"ఇద్దరు," అంది ఆమె, తక్కెడ మీంచి చూపు తిప్పకుండా.