మేస్త్రమ్మ గుప్పెడు

మా మేస్త్రమ్మ పోయిందన్న కబురు నాకు జగ్గయ్యపేట బజారులో, పత్తికి గోతాలు బేరమాడుతుండగా తెలిసింది. ఫోనులో చెప్పింది ఆమె కోడలు. నమ్మకపోగా కసురుకున్నాను. "చేలో పత్తి విచ్చుకుని కూర్చుంటే మీ అత్త ఎక్కడికి పోతుందే?" అన్నాను. అటునుంచి ఏడుపు వినిపించాక గోతాలు కొట్లోనే వదిలేసి ఆటో ఎక్కాను.

నాకు అక్షరం ముక్క రాదు. నేను చెబుతుంటే మనవరాలు రాస్తోంది. మధ్యమధ్య "ఇలా అంటే బాగోదు నానమ్మా" అని అడ్డు తగులుతోంది. చెప్పింది రాయవే అంటున్నాను. ఎందుకు రాయిస్తున్నానంటే, మేస్త్రమ్మతోనే ఆ గుప్పెడు కూడా పోయిందని చిల్లకల్లు చుట్టుపక్కల కొందరు తేల్చేశారు. అది తప్పు. ఆ మాట నలుగురికీ తెలియాలి.

పత్తి తీసే ఆడవాళ్ళు నడుముకు చీర ముక్కతో ఒడి కట్టుకుని సాళ్ళ వెంట నడుస్తారు. తీసిన పత్తి అందులోనే వేసుకుంటారు. సాయంత్రం ఎవరిది వాళ్ళు కాటా మీద పెడితే, తూకాన్ని బట్టి కూలి. మా చేలోకి ఆ ముఠాని తెచ్చేది మేస్త్రమ్మ. మిగతా మేస్త్రీలు గట్టు మీద నిలబడి కేకలేస్తారు. ఈమె తానూ ఒడి కట్టేది. "ఊరికే నిలబడితే నాకు కాళ్ళు లాగుతాయండీ" అనేది. చర్చి పాటలు గొంతెత్తి పాడేది. రాగం ఒక దారిన, ఆమె ఒక దారిన. పాట మధ్యలో ఆపి "ఏయ్, ఆ కాయ వదిలేశావేం!" అని అరిచి, మళ్ళీ ప్రభువు దగ్గరికి వెళ్ళిపోయేది.

క్రిస్మస్ ముందురోజు సాయంత్రం, కాటా దగ్గరికి వెళ్ళకముందే అందరినీ గుండ్రంగా నిలబెట్టేది. ఆ ఏడు ఎవరింట్లో బాగా ఇబ్బందో ఆమెకు తెలుసు. ఆ మనిషికేసి వేలు చూపించేది. తలా ఒక గుప్పెడు పత్తి ఆ మనిషి ఒడిలో వెయ్యాలి. ఎందుకని అడగకూడదు, వద్దనకూడదు. వాళ్ళ మతమా మా మతమా అన్న లెక్క లేదు. అందరూ గుప్పెడు వేస్తే మేస్త్రమ్మ తన ఒడి మొత్తం వొంపేది. మర్నాడు పాతచీరతో చర్చికి పోయేది. "పండగపూట అదేం చీర మేస్త్రీ?" అంటే, "ఉతికితే కొత్తదేనండీ" అని నవ్వేది.

మొదటిసారి చూసినప్పుడు దొంగతనం అనుకున్నాను. మా ఆయన పోయాక సేద్యం నా చేతి మీదే నడుస్తోంది, నా కళ్ళు ఊరుకోవు. గట్టు దిగి వెళ్ళాను.

"ఏంటే ఆ చేతులు మార్చడం? నా పత్తితో ఆటలా?"

"ఆటలు కాదమ్మగారూ, పండగండీ."

"పండగ రేపు కదే!"

"రేపు మాకండీ. ఇవాళ ఈమెకి. ఎవరి ఒళ్ళో ఉన్నా మీ కాటాకేగా వచ్చేది, మీదేం పోయింది?"

నాది ఏమీ పోలేదు. అదే మండింది నాకు. ఇంతలో వేలు చూపించిన ముసలామె ఒడి మూసేసుకుని, "నేనేమన్నా అడుక్కునేదాన్నా?" అని ఎగిరింది. మేస్త్రమ్మ ఆమె చేతులు మెల్లగా విడదీసింది. "అడిగేవాళ్ళకి ఎప్పుడైనా ఇవ్వొచ్చు పిన్నీ. అడగనివాళ్ళకి ఇవ్వాలంటేనే పండగ కావాలి" అంది.

ఇంకో ఏడు, ఒక కొత్తకోడలు గుప్పెడు పత్తిలో మట్టిగడ్డ పెట్టి వేసింది. కాటా దగ్గర అది నా చేతికి తగిలింది. ఇక చూడండి నా నోరు! ఆ పిల్లేమో, "ఆమెకి కాస్త ఎక్కువ తూగుతుందని వేశానండీ" అంది. పాపం, ప్రేమతోనే వేసింది.

మేస్త్రమ్మ ఆ గడ్డ అందుకుని అటూఇటూ తిప్పి చూసింది. "ఇది మీ చేలోదే అమ్మగారూ. చక్కగా మీ చేలోకే వచ్చింది, ఇక దేనికండీ గోల?" అంది. ముఠా అంతా పగలబడి నవ్వింది. నేనూ ఆపుకోలేకపోయాను. నవ్వులు తగ్గాక ఆ పిల్లతో నెమ్మదిగా అంది: "ఇచ్చేది నీదై ఉండాలమ్మా. ఇంకొకళ్ళది తీసి ఇస్తే అది ఇచ్చినట్టు కాదు, చోటు మార్చినట్టు."

ఆ మాట నాకు గుచ్చుకుంది. మరుసటి ఏడు దర్జాగా, "ఈసారి నేనూ ఒక గోతం పత్తి ఇస్తున్నానే" అన్నాను.

"అది మీ చేను ఇస్తుందండీ. మీరేం ఇస్తారు?"

ఒళ్ళు మండిపోయింది. ఇంటికి పోయి, పాతచీర చింపి, ఒడి కట్టుకుని వచ్చాను. పత్తికాయ మొనలు గోళ్ళ సందుల్లో దిగుతుంటే అప్పుడు తెలిసింది, ఏళ్ళ తరబడి నేను కాటా మీద తూచింది ఏమిటో. సాయంత్రానికి నా ఒడి చూసి ఒకతె, "అమ్మగారు పత్తి కన్నా ఆకులు బాగా తీశారు" అంది. ఉన్నదాంట్లోంచి ఒక గుప్పెడు వేశాను. వేశాక ఒడి ఖాళీ అయినంత పనైంది. మేస్త్రమ్మ నాకేసి చూసి, "ఇప్పుడు ఇచ్చారండీ" అంది. అప్పటినుంచి ప్రతి ఏడూ ఆ రోజు ఒడి కడుతున్నాను. ఊళ్ళో నవ్వుతున్నారమ్మా అంటాడు మా వాడు. నవ్వనీరా, పండగేగా!

ఆఖరిరోజుల్లో నందిగామలో కూతురింట్లో మంచం పట్టింది. చూడ్డానికి వెళితే, "పత్తి రెండో తీతకి వచ్చిందా అండీ?" అన్నదే మొదటి మాట. నేను తీసుకెళ్ళిన బత్తాయిలు నా కళ్ళముందే పక్కింటి పిల్లలకి పంచేసింది. "నీకు తెచ్చానే!" అని కోప్పడ్డాను. "నాకిచ్చారుగా, ఇప్పుడు నావి. నావి కాబట్టే ఇస్తున్నా" అంది.

ఈ ఏడు ముఠాని కోడలు తెచ్చింది. క్రిస్మస్ ముందురోజు సాయంత్రం అందరూ ఒడులు నింపుకుని నిలబడ్డారు. కోడలు తల వంచుకుని, "ఈసారి వద్దండీ. అత్తమ్మ వేలు చూపిస్తే ఎవరూ నొచ్చుకునేవాళ్ళు కాదు. నేను చూపిస్తే, నన్నెందుకు చూపించలేదని ఒకళ్ళు, దాన్నెందుకు చూపించావని ఇంకొకళ్ళు. నావల్ల కాదు" అంది.

"మీ అత్త ఉంటే నీ చెవి మెలేసేది!" అన్నాను.

"అయితే మీరే చూపించండి."

నేనెలా చూపించను? ఎవరి పొయ్యి వెలగడం లేదో చేను ఆసామిని నాకేం తెలుసు? పైగా నేను చూపిస్తే అది ఆర్డరు అవుతుంది, పండగ కాదు. ఒకామె కాటా వైపు అడుగు వేసింది. అయిపోయింది, ఊరివాళ్ళు అన్నదే నిజమైంది అనుకున్నాను.

అంతలో ముఠాలో ఒక మోకాళ్ళ నొప్పుల ముసలామె, "పొద్దుపోతోంది, ఏంటర్రా ఈ చూపులు" అని గొణుగుతూ ఒక గుప్పెడు తీసి, మొగుడు మంచాన పడ్డ ఒక పిల్ల ఒడిలో వేసింది. ఆ వెనకే ఇంకొకతె వెళ్ళి ముసలామె ఒడిలోనే వేసింది. "నాకెందుకే?" "నోరు మూసుకుని పట్టు అత్తా!" ఇక చూడాలి! ఒకరికెదురు ఒకరు నడుస్తున్నారు. ఒకరి ఒడిలో ఒకరు వేసుకోబోయి ఇద్దరు తలలు గుద్దుకున్నారు. కోడలు చూసి చూసి, కళ్ళు తుడుచుకుని, తన ఒడి విప్పి, మొగుడు మంచాన పడ్డ పిల్ల ఒడిలోకి మొత్తం వొంపేసింది. కోడలి ఖాళీ ఒడిలో నా గుప్పెడు వేశాను. ఎవరో వెనకనుంచి నా ఒడిలోనూ ఒక గుప్పెడు కుక్కారు. ఎవత్తే అది అని తిరిగితే, అందరూ ఆకాశం చూస్తున్నారు.

తూకాలయ్యాక ఆటో ఎక్కారు. ఆ తోపులాటలో ఎగిరిన పత్తి పింజలు అందరి జుట్టులోనూ చిక్కుకున్నాయి, ఒక్కతీ దులుపుకోలేదు. గరికపాడు వైపు హైవే మీద, లారీల వెలుగు పడినప్పుడల్లా, ఆటో నిండా నవ్వుతున్న తెల్లటి తలలు.