కాగితం మీద మూడో పేరు

ఈ రోజు మధ్యాహ్నం ధర్మవరంలో మా మగ్గం మీది నుంచి ఒక చీర దిగింది. లేపాక్షి గుడి పైకప్పు బొమ్మల్లో ఆడవాళ్లు కట్టిన చీరల అంచులను ఫ్రాన్సు నుంచి వచ్చిన ఒక చిత్రకారిణి కాగితం మీదికి ఎత్తింది. నాయన వాటిని పట్టులో నేశాడు. రెండు నెలల పని.

చీరతో పాటు ఉంచే కాగితం మీద ఆమె తన పేరు రాసి, పక్కన నాయన పేరు రాసింది. ఆ సంగతి నేను నాయనకు తెలుగులో చెప్పాను.

"నాదొకటే రాస్తే ఎట్ల రా? పోగులు అతికింది, కండెలు చుట్టింది మీయమ్మ గదా. ఆమెది గూడా రాయమను."

ఆ మాట నేను ఇంగ్లీషులో చెప్పగానే, "ఆమె పేరేమిటి?" అని చిత్రకారిణి వచ్చీరాని తెలుగులో నాయననే అడిగింది.

మా ఇళ్లలో మగవాళ్లు భార్యను పేరు పెట్టి పిలవరు. నాయనకు అమ్మ ఎప్పుడూ "ఏమే". నేను చెప్పబోయాను. నాయన చెయ్యెత్తి నన్ను ఆపాడు.

"చెన్నమ్మ" అన్నాడు.

రాట్నం దగ్గరున్న అమ్మ తలెత్తలేదు. ఆమె చేతిలో పోగు మాత్రం తెగింది.

స్వరాజ్యం వచ్చి పదిహేనేళ్లయింది. నాయన నోట అమ్మ పేరు నేను వినడానికి సముద్రాలు దాటి ఒకామె రావలసి వచ్చింది. మీ ఇంట్లో మీరెప్పుడైనా విన్నారా?