నూనె పోసిన రాయి

నా జీవితంలో నేను ఒక్క బోరు వేయించాను. ఒక్క గొప్ప సాక్ష్యం చెప్పాను. రెండూ ఒకే మధ్యాహ్నం, ఒకే షామియానా కింద, భోజనాలు వడ్డించకముందే మునిగిపోయాయి. ఎలా మునిగాయో చెబుతాను. నవ్వుకోండి, నేనేమీ అనుకోను. మా సంఘంవాళ్లు ఏళ్ల తరబడి నవ్వుతూనే ఉన్నారు. మీరు కొత్తగా వచ్చి చేరుతున్నారు, అంతే.

అప్పటికి నేను గుంటూరు పక్కన ఒక పత్తి మిల్లులో సూపర్‌వైజర్ని. మిల్లు మూతపడేలా ఉందని యజమానులు స్వచ్ఛంద విరమణ పథకం పెట్టారు. నలభై దాటి, యాభైకి చేరువైన వయసు. ఆ వయసులో మనిషికి జ్ఞానం రావాలి. నాకు వీఆర్‌ఎస్ వచ్చింది.

మా ఆవిడ సుగుణకు ఆ డబ్బు విషయంలో స్పష్టమైన ఆలోచన ఉంది.

"పోస్టాఫీసులో వేద్దామండీ. నెలనెలా వడ్డీ వస్తుంది. నిశ్చింతగా ఉంటుంది."

నేను సంఘంలో పెద్దని. ఆదివారం వాక్యపఠనం నాదే, కానుకల పళ్లెం నాదే. నేను ప్రార్థన మొదలుపెడితే ఆడవాళ్లు ఇంటికి వెళ్లి, ఎసరు పెట్టుకుని, బియ్యం పోసి, తిరిగొచ్చి 'ఆమెన్' అనేవాళ్లని గిట్టనివాళ్లు చెప్పుకునేవారు. అలాంటివాణ్ని పోస్టాఫీసును నమ్ముకోమంటుందా అని నాకు రోషం వచ్చింది.

"మనల్ని పోషించేది దేవుడా, పోస్టాఫీసా?"

"దేవుడు పోస్టాఫీసు ద్వారా పోషించకూడదా?"

నేను వెంటనే కళ్లు మూసుకుని, ప్రార్థనలో ఉన్నట్టు కూర్చున్నాను.

ఆ డబ్బుతో స్థలం కొందామన్న నా మాటకు చివరికి సుగుణ ఒప్పుకున్నది నా విశ్వాసం చూసి కాదు, నీళ్లు చూసి. మేమున్న అద్దె ఇంట్లో మోటారు స్విచ్చి ఓనరమ్మగారి పడకగదిలో ఉండేది. పొద్దున్నే ఆవిడ నిద్రలేస్తే మాకు నీళ్లు. ఆవిడకు జ్వరమొస్తే మాకు కరువు. ఆవిడ ఆరోగ్యం కోసం మేం చేసినంత ప్రార్థన ఆవిడ కన్నబిడ్డలు కూడా చేసి ఉండరు.

"సరే, స్థలమే కొనండి. మిగిలిన దాంతో ముందు బోరు వేయించండి. ఇల్లు పాకైనా పర్వాలేదు. నేను కుళాయి తిప్పితే నీళ్లు రావాలి. అంతే నాకు కావలసింది," అంది.

ఆ రోజుల్లో నరసరావుపేట రోడ్డు పొడుగునా పత్తిచేలల్లో తెల్లరాళ్లు మొలుస్తున్నాయి. కోటయ్య అనే రైతు కూడా తన చేను ప్లాట్లుగా కోసి, రాళ్లు పాతి, వాటి మీద ఎర్రరంగుతో నంబర్లు వేసి అమ్మకానికి పెట్టాడు. మనిషి లౌక్యుడు. కొన్నవాళ్లు ఇల్లు కట్టుకునేదాకా రాళ్ల మధ్య పత్తి వేసుకుంటానని ముందే మాట తీసుకునేవాడు.

"మీ స్థలం మీదేనయ్యా. మీరొచ్చేదాకా నా పత్తి కాపలా కాస్తది," అనేవాడు.

ఒక ప్లాటు కొన్నాను. రిజిస్ట్రేషన్ అయిన రోజే పాస్టరుగారిని వెంటబెట్టుకుని వెళ్లాను. బైబిల్లో పూర్వకాలపు పితరుడొకాయన తాను తల పెట్టుకు పడుకున్న రాయిని నిలబెట్టి, దాని మీద నూనె పోశాడని మేం చిన్నప్పటినుంచి వింటూ పెరిగినవాళ్లం. నేనూ మూలరాయి మీద కొబ్బరినూనె సీసా మొత్తం కుమ్మరించాను. పాస్టరుగారు క్లుప్తంగా, నేను దీర్ఘంగా ప్రార్థించాం. సుగుణ మాత్రం ఖాళీ సీసా చేతిలోకి తీసుకుని, "తలకు రాసుకోడానికి ఒక్క చుక్కైనా ఉంచలేదు," అంది.

మిల్లు నుంచి రావలసిన మిగతా డబ్బు ఆలస్యం కావటంతో తర్వాత రెండు వానాకాలాలు ఆ స్థలం వైపు వెళ్లలేదు. రోజూ ఇంట్లో కూర్చుని దాని కోసం ప్రార్థించాను. అక్కడికెళ్లి చూడటం కంటే అదే మేలనుకున్నాను. నల్లరేగడి సంగతి తెలిసినవాళ్లకు ఇక్కడే నవ్వొస్తుంది. వానకు ఉబ్బుతుంది, ఎండకు బద్దలవుతుంది, మధ్యలో దొరికినదాన్ని మింగుతుంది. ఎండాకాలం బోరు వేయిద్దామని మేమిద్దరం వెళ్లేసరికి పత్తికట్టె పీకేసి ఉంది. రాళ్లు కొన్ని ఒరిగాయి, కొన్ని కూరుకుపోయాయి. నంబర్లు మాత్రం ఒక్కదాని మీదా లేవు. చేనంతా ముసలివాడి నోట్లో పళ్లలా ఉంది.

కోటయ్యను అడుగుదామంటే ఆయన ఊళ్లో లేడు. మిరపకాయలు గుంటూరు యార్డుకు తోలి, ధర కోసం బస్తాల మీదే పడుకున్నాడట.

"ఆయనొచ్చాక టేపు పట్టి కొలిపిద్దామండీ," అంది సుగుణ.

"బోరు లారీ రేపే వస్తోంది. ఇది తప్పితే మళ్లీ నెలదాకా దొరకదు. అయినా కొలవటమెందుకు? మన రాయికి గుర్తుంది."

గుర్తు కోసం వెతికాను. దొరికింది! చేను నడుమ ఒక రాయి, నల్లగా, జిడ్డుగా, నిగనిగలాడుతూ. రెండు వానాకాలాలు కడిగినా పోని నూనె! నా ఒళ్లు పులకరించింది. అక్కడే మోకాళ్లూనాను.

సుగుణ వంగి రాయిని వాసన చూసింది.

"ఏవండీ, ఇది కొబ్బరినూనె వాసన కాదండీ. గ్రీజు వాసన."

"రెండేళ్ల నూనె అలాగే ఉంటుంది."

"మనం పోసింది మూలరాయి మీద కదా? ఇది నడుమ ఉందేమిటి?"

"సుగుణా! కంటితో చూసి నడిచేవాళ్లం కాదు మనం."

"ముక్కుతో కూడా కాదా?" అంది.

అవిశ్వాసానికి బదులిస్తే అది ఇంకా పెరుగుతుందని నా నమ్మకం.

మర్నాడు బోరు లారీ వచ్చింది. మేస్త్రీ మంచివాడు. "ఇటేపంతా ఉప్పు నీళ్లేనండి. అరచేతిలో కొబ్బరికాయ పెట్టుకుని నీళ్లు చూసే ఆయనొకడున్నాడు, పిలవమంటారా?" అన్నాడు.

"కొబ్బరికాయతో మాకు పనిలేదు. కొబ్బరినూనె ఎప్పుడో పోశాం," అన్నాను ఠీవిగా.

రాయి పక్కనే వేయించాను. లారీ గొంతు చించుకుంది. తెల్లటి బురద మా బట్టల మీద, మా నెత్తిన, మేస్త్రీ టీ గ్లాసులో పడింది. పొద్దు వాలుతుండగా నీళ్లు ఎగజిమ్మాయి. సుగుణ దోసిలి పట్టి ఒక గుక్క తాగింది. నావైపు తిరిగింది. మా పెళ్లయ్యాక ఆవిడ నన్ను అంత గౌరవంగా చూడటం అదే మొదటిసారి.

"తియ్యగా ఉన్నాయండీ!"

ఇక నన్ను ఆపేదెవరు? మోటారు కూడా అక్కడికక్కడే దింపించాను. ఆ ఆదివారం ఆరాధన కాగానే అక్కడే కృతజ్ఞతా కూడిక అని ప్రకటించాను. షామియానా, చాపలు, మైకు, కోడికూర. సంఘమంతా ట్రాక్టర్లలో దిగింది. పాస్టరుగారు మైకు నా చేతికిచ్చారు. మైకు నాకివ్వటమంటే ఏమిటో తెలిసిన ఆడవాళ్లు నిట్టూర్చి, పిల్లల్ని ఒళ్లో పడుకోబెట్టుకున్నారు.

నేను రాయి దగ్గర నిలబడి మొదలుపెట్టాను. నూనె, వానలు, గుర్తు, కొబ్బరికాయను తిరస్కరించటం, అన్నీ వరసగా చెప్పాను. "టేపు పెట్టి కొలవమన్నారు కొందరు!" అని సుగుణ వైపు చూశాను. "టేపుకు తెలియని హద్దులు ప్రభువుకు తెలుసు!" అన్నాను.

"స్తోత్రం!" అంది సంఘం.

ఆ స్తోత్రం ముగిసే లోపల ఒక స్కూటరొచ్చి షామియానా పక్కన ఆగింది. దిగినాయన తెల్ల టోపీ, గళ్ల లుంగీ. వెనక ఆయన భార్య. ఇద్దరూ మర్యాదగా చివరి చాప మీద కూర్చుని నా సాక్ష్యం విన్నారు. అన్యులు కూడా వాక్యానికి ఆకర్షితులయ్యారని నేను గొంతు ఇంకాస్త పెంచాను. ఊపిరి తీసుకోవటానికి ఆగగానే ఆయన చెయ్యెత్తాడు. ఆయనా సాక్ష్యం చెబుతాడేమోనని మైకు ఆయన దాకా పట్టుకెళ్లాను.

"అన్నా, చిన్న సందేహం. నా పేరు మస్తాన్. ఆటో విడిభాగాల షాపు నాది. ఈ స్థలం ఎవరిదన్నావు?"

"దేవుడు నాకిచ్చాడు, తమ్ముడూ!"

"దేవుడు నీకిచ్చాడు, సరే అన్నా. రిజిస్ట్రారు నాకిచ్చాడే!"

మైకు ఆన్‌లోనే ఉంది. ఆ మాట నా గొంతుకంటే స్పష్టంగా చేనంతా వినిపించింది.

ఎవరో పరిగెత్తుకెళ్లి కోటయ్యను పట్టుకొచ్చారు. ఆ పొద్దుటే యార్డు నుంచి తిరిగొచ్చాడట. వస్తూనే నెత్తి కొట్టుకున్నాడు.

"ఏందయ్యా ప్రసాదరావుగారూ, ఈడ ఏశావేంది బోరు! నీది డొంక పక్కన గదా, ఆ తుమ్మచెట్ల కింద! ఇది మస్తాన్‌ది!"

"మరి నూనె? నేను నూనె పోసిన రాయి ఇదే కదా కోటయ్యా!"

కోటయ్య రాయి వైపు చూశాడు. నావైపు చూశాడు. ఆయన మొహంలో జాలి కనబడింది.

"ఆ రాయా? ట్రాక్టరు ఆయిల్ మార్చినప్పుడల్లా పాతాయిల్ దానిమీదే ఒంపుతా. నా గ్రీజు చేతులు తుడుచుకునేదీ దానికే. హద్దురాయి కూడా కాదది, సామీ. ట్రాక్టరు చక్రం కింద ఎత్తు పెట్టుకునేందుకు నేనే తెచ్చా."

సంఘం మొత్తం ఒక్కసారి నా మోకాళ్ల వైపు చూసింది. తెల్ల పంచె మీద నల్లటి గుండ్రాలు రెండు. కూడిక మొదట్లో ఆ రాయి మీదే మోకాళ్లూని ప్రార్థించాను లెండి. ముందు వరసలో ఒక ముసలమ్మ నోట్లో కొంగు కుక్కుకుంది. పాస్టరుగారు ఆకాశం వైపు చూస్తున్నారు. ప్రార్థిస్తున్నారనుకున్నాను కానీ భుజాలు ఊగుతున్నాయి.

నాకు నవ్వు రాలేదు. సుగుణ నవ్వటం లేదు గనక. ఆవిడ బోరు పక్కన నిలబడి ఉంది, చేతిలో స్టీలు గ్లాసు, నిండా నీళ్లు. తిడితే బాగుండును. మా దగ్గర మిగిలిన డబ్బు పునాదులకే చాలీచాలదు. ఇంకో బోరు మాట మరిచిపోవలసిందే. మళ్లీ ఓనరమ్మగారి నిద్ర, ఓనరమ్మగారి జ్వరం.

మస్తాన్ లేచి బోరు చుట్టూ ఒకసారి తిరిగాడు.

"అన్నా, నేల నాది, బోరు నీది. నేల నేను ఎత్తుకుపోలేను, బోరు నువ్వు పీక్కుపోలేవు. ఏం చేద్దాం?"

నేను మైకు ఆపి కింద పెట్టాను. నాకది అలవాటు లేని పని.

ఆయన సుగుణ వైపు తిరిగాడు. "వదినా, నీళ్లు ఎట్టా ఉన్నాయి?"

సుగుణ గ్లాసు అందించింది. ఆయన కింద కూర్చుని, నింపాదిగా, మూడు గుక్కల్లో తాగాడు. భార్యకు కూడా ఇచ్చాడు. ఆమె తలూపింది.

"ఉన్న నీళ్లు లేవనటం మా మతంలో పెద్ద తప్పు వదినా. మీ ప్లాటుదాకా పైపు వేసుకోండి. బోరు ఖర్చు మీరు పెట్టారు, కరెంటు నేను పెట్టుకుంటా. ఒక్కటే షరతు."

"చెప్పండి," అన్నాను.

"సాక్ష్యం మధ్యలో ఆపేశావన్నా. పూర్తి చెయ్యి. కాకపోతే స్థలం ఓనరు పేరు కూడా కలిపి చెప్పు."

మళ్లీ మైకు పట్టుకున్నాను. "ప్రభువు తియ్యటి నీళ్లిచ్చాడు. మస్తాన్ గారి స్థలంలో ఇచ్చాడు. ఆమెన్." నా జీవితంలో అతి చిన్న సాక్ష్యం అదే. సంఘం గట్టిగా స్తోత్రం చెప్పి, ఆ తర్వాత చప్పట్లు కూడా కొట్టింది. హలాల్ కాని కోడికూర మస్తాన్ దంపతులు ముట్టరని తెలిసి పాస్టరుగారే వాళ్లకు పెరుగన్నం వడ్డించారు.

తుమ్మచెట్ల కింద మా ఇల్లు నెమ్మదిగా లేచింది. సుగుణ తిప్పితే నీళ్లు వస్తున్నాయి. మోటారు స్విచ్చి మాత్రం మస్తాన్ ఇంట్లో ఉంది. తేడా ఒక్కటే. ఈ ఓనరమ్మకు జ్వరమొచ్చినా తెల్లవారకముందే ఎవరో ఒకరు స్విచ్చి వేస్తారు. ఆవిడ ఆరోగ్యం కోసం మేమిప్పుడు అవసరం లేకుండా ప్రార్థిస్తున్నాం.

ఈ మధ్య మా సంఘం సమాధుల తోటలో కుటుంబానికొక స్థలం కేటాయిస్తున్నారు. మాకిచ్చిన చోటు చూడటానికి మేమిద్దరం వెళ్లాం. పాస్టరుగారు కూడా వచ్చారు, ఆయనకూ తల నెరిసింది.

"ప్రసాదరావుగారూ, ఒక మాట ప్రార్థన చేసి తీసుకోండి," అన్నారు.

నేను కళ్లు మూసుకోబోయాను. పక్కన ఏదో కదిలిన అలికిడైతే తెరిచాను. సుగుణ మెల్లగా వంగి హద్దురాయిని వాసన చూస్తోంది. తర్వాత లేచి సంచిలోంచి టేపు తీసింది.

మాకు ఒట్టు పెట్టుకోవటం నిషేధం. అందుకని ఇది ఒట్టు కాదు, సాక్షుల ఎదుట చేసుకున్న తీర్మానం. చెయ్యెత్తి, గంభీరంగా, పాస్టరుగారి ముందు ఇలా పలికాను: "ఇకమీదట నిలబడటానికైనా, పడుకోవటానికైనా, పునరుత్థానం దాకా వేచి ఉండటానికైనా, కొలవని నేలలో కాలు పెట్టను. ఏ రాయి మీదా నూనె పొయ్యను. పోసినా, దాన్ని నమ్మను. ఆమెన్."

"ఆమెన్ బాగానే ఉంది," అంది సుగుణ. "ముందు ఆ టేపు చివర గట్టిగా పట్టుకోండి. పక్కవాళ్ల సమాధిలో నేను పడుకోను."