నీలమ్మ నామినీ పేరు చెప్పిన తీరు

కరోనా తగ్గిన మరుసటి ఏడు, కందులు ఇంటికొచ్చే కాలంలో, ఒక జీవిత బీమా కంపెనీ నాకు ఏజెంటు కోడ్ ఇచ్చింది. పోస్టింగ్ ఎక్కడ అని అడిగితే చెప్పడానికి ఊరేమీ లేదు. నారాయణఖేడ్‌లో మా ఇంటి ముందరి మెట్టే నా ఆఫీసు, సిగ్నల్ అక్కడే బాగా అందేది గనుక. జీతం లేదు. పాలసీ కుదిరితే కమీషన్, కుదరకపోతే గొంతు నొప్పి. మా టీమ్ లీడరు స్రవంతి మేడం హైదరాబాద్‌లో ఉండేది. ఆమె కింద పనిచేసినన్ని రోజులూ ఆమెను సెల్‌ఫోన్ తెర మీద తప్ప చూడలేదు.

నేను చిన్నప్పుడు బడికి పోయింది నాలుగో తరగతి దాకే. పదో తరగతి పాసైతేనే ఏజెంటు పరీక్ష రాయనిస్తారు. ఆ పదోది ఓపెన్ స్కూల్లో, మా మనవరాలి కంటే రెండేళ్లే ముందు గట్టెక్కాను. కంపెనీ నన్ను తీసుకున్నది చదువు చూసి కాదు. మహిళా సంఘానికి చాలా ఏళ్లు లీడరుగా ఉన్నాను. కల్హేర్ నుంచి కంగ్టి దాకా ఏ ఊళ్లో ఎవరి కోడలు ఎవరో, ఎవరు ఏ పనికి ఎటు వలస పోయారో నాకు తెలుసు. నా నంబరు చూస్తే ఫోన్ ఎత్తేవాళ్లు. ఎత్తకపోతే ఎత్తేదాకా చేస్తానని వాళ్లకూ తెలుసు. మూడు నెలల రీచార్జి ఒకేసారి వేయించాక మాట్లాడకుండా కూర్చుంటే పైసలు మట్టిలో పోసినట్టే కదా.

పని వరస ఇది. ముందు ఫోన్లో పాలసీ వివరం చెప్పాలి. ఒప్పుకుంటే దరఖాస్తు సెల్‌ఫోన్లోనే నింపి, ప్రీమియం కట్టడానికి లింకు పంపాలి. బీమా చేసిన మనిషికి ఏమన్నా అయితే సొమ్ము ఎవరికి చేరాలో ఆ మనిషిని నామినీ అంటారు. ఇదంతా అయ్యాక అసలు గండం వెరిఫికేషన్ కాల్. హెడ్డాఫీసు నుంచి ఒక అధికారి నేరుగా పాలసీ తీసుకున్న మనిషికే ఫోన్ చేసి, తన పేరు, ఊరు, నామినీ పేరు ఆ మనిషి నోటితోనే చెప్పిస్తాడు. అది రికార్డవుతుంది. ఏజెంటు లైన్లో ఉండకూడదు. పక్క నుంచి ఇంకో గొంతు మాట అందించకూడదు. ఏజెంట్లు మోసం చేయకుండా పెట్టిన నియమం అది, మంచిదే. మూడుసార్లు కాల్ తప్పితే దరఖాస్తు రద్దు, డబ్బు వాపసు.

కొత్త ఏజెంటుకు మొదటి మూడు నెలలు పరీక్షాకాలం. పది పాలసీలు నిలబడితే కోడ్ ఖాయం, లేకపోతే మూత. నావి తొమ్మిది నిలబడ్డాయి. పదోది నీలమ్మది.

నీలమ్మది కంగ్టి మండలంలో కన్నడం మాట్లాడే ఇల్లు. భర్త చెరకు ఫ్యాక్టరీ పనికి బీదర్ దిక్కు పోతే చేను, ఇద్దరు పిల్లలు, రెండు బర్రెలు ఆమె మీదే. భర్త పేరు మీద పాలసీ చేయమంటే ఆమె నన్నే ఎదురడిగింది.

"ఆయన లేకుంటే నేను చేను జేస్త. నేను లేకుంటే ఆయనకు బర్రె పాలు పిండుడు గూడ రాదు. ఎవలి మీద చెయ్యాలె, పెద్దమ్మా?"

నాకు అలాంటి మనిషి నచ్చుతుంది. ఆమె పేరు మీదే రాశాను. నామినీ ఆమె భర్త.

మొదటి కాల్‌లో నామినీ పేరు అడిగితే నీలమ్మ నోరు విప్పలేదు. అధికారి, ‘కస్టమర్‌కు వివరం తెలియదు’ అని రాసి ఫోన్ పెట్టేశాడు. రెండో కాల్‌లో పక్కింటామె ఉండబట్టలేక "బసప్ప" అని అరిచింది. దానికి ‘ఇతరుల సాయం’ అని రాశారు. నా పరీక్షాకాలం ముగియడానికి ఇక వారమే ఉంది. కోపంతోనే ఫోన్ చేశాను.

"ఏంది పిల్లా, మొగని పేరు మర్సిపోయినవా?"

"పేరెట్ల మరుస్త పెద్దమ్మా. నోట్లకెళ్లి రాదు. మా అత్త గూడ ఎన్నడు మామ పేరు పలుకలే."

"పలికితే ఏమైతది?"

"ఏం గాదు. పలుకరు, అంతే."

"నీ అంతేకు నా కోడ్ పోతది."

"పోతే ఇంకోటి ఇయ్యరా?"

మా ఆయన బస్సు డిపోలో మెకానిక్‌గా చేసి రిటైరైన మనిషి. పక్కన కూర్చుని ఎల్లిపాయ ఒలుస్తూ ఇదంతా విన్నాడు. "నువ్వేమన్న పిలుస్తవా నా పేరు? నలభై ఏండ్లాయె, ‘ఇగో’ అని తప్ప వినలే" అన్నాడు.

నిజమే. మాది మెథడిస్టు కుటుంబం. చర్చిలో పెళ్లి ప్రమాణం చేసేటప్పుడు పాస్టరు ఒక్కో మాట అందిస్తుంటే ఆయన పేరు ఒకసారి పలికాను. అదే మొదలు, అదే ఆఖరు. అది గుర్తొచ్చి నీలమ్మకు మళ్లీ ఫోన్ చేశాను. ఈసారి గొంతు తగ్గించి, పెండ్లిలో కూడా చెప్పలేదా అని అడిగాను.

"పెండ్లిల చెప్పకపోతే ఇడుస్తరా? ఒడపుల చెప్పిన."

కన్నడం ఇళ్లల్లో కొత్త పెళ్లికూతురు గడప దాటేముందు ఆడబిడ్డలు అడ్డం నిలబడతారు. భర్త పేరు చెప్పనిదే లోపలికి రానీయరు. ఆమె ఒట్టిగా చెప్పదు. పాటలాగా రెండు చరణాలు కట్టి, అందులో పేరు ఇమిడ్చి చెబుతుంది. అదే ఒడపు. అలా చెబితే తప్పు లేదు. పైగా ఎంత బాగా కడితే అంత మెప్పు.

"అయితే ఫోన్ల గట్లనే చెప్పు" అన్నాను.

"అడ్డం ఎవలు నిలబడ్తరు? ఎవలు అడ్డం లేకుండ ఒడపు చెప్తే పిచ్చి లేసిందనుకోరా?"

ఆ మాటా సబబే. స్రవంతి మేడంకు ఫోన్ చేసి, నియమాల్లో పేరు స్పష్టంగా వినపడాలని ఉందా, మామూలు మాటల్లోనే చెప్పాలని ఉందా అని అడిగాను. ఆమె నియమాలు తెరిచి మొత్తం చదివి, స్పష్టంగా అని మాత్రమే ఉందని చెప్పి, ఆపుకోలేక నవ్వింది. కానీ పాట వినపడితే టీవీ మోత అనుకుని అధికారి పెట్టేయవచ్చు. అందుకని దరఖాస్తు అడుగున ఏజెంటు గమనిక రాసే గడిలో ఇలా రాశాను: "కస్టమర్ భర్త పేరు ఒట్టిగా చెప్పదు. అధికారి గడపకు అడ్డం నిలబడి అడిగినట్టు అడగవలెను. అప్పుడు పాటలో చెప్పును. అది టీవీ కాదు." మేడం ఆమోదించి పైకి పంపింది.

మూడో కాల్ రోజు నేను చేయగలిగిందేమీ లేదు. ఊరికే కూర్చోవడం నాకు చేతకాదు గనుక బియ్యంలో రాళ్లు ఏరాను. ఏరిన బియ్యమే మళ్లీ ముందేసుకున్నాను. "రాళ్లు అయిపోయినయి, ఇగ బియ్యం ఏరి పారబోస్తవా" అన్నాడు మా ఆయన. సాయంత్రం నీలమ్మే ఫోన్ చేసింది. "చెప్పిన పెద్దమ్మా. గా సారు నవ్విండు. పాసో ఫెయిలో చెప్పలే."

సెల్‌ఫోన్లో చూస్తే దరఖాస్తు ఇంకా పరిశీలనలోనే ఉంది. ఆదివారం చర్చిలో నా ప్రార్థన దేని గురించో చెప్పనక్కర్లేదు.

ప్రతి సోమవారం మా టీమ్ అంతా తెర మీద కలిసేది. ఆ సోమవారం మేడం, నీలమ్మను అడిగి ఒప్పించానని చెప్పి, ఆ కాల్ రికార్డు అందరికీ వినిపించింది. అధికారిది లేత గొంతు. పాఠం అప్పజెప్పినట్టు మొదలుపెట్టాడు.

"అమ్మా, నేను గడపకు అడ్డంగా నిలబడి ఉన్నాను. మీ భర్తగారి పేరు చెప్పనిదే మిమ్మల్ని లోపలికి పంపడం కుదరదు."

నీలమ్మ నవ్వు వినపడింది.

"నీ అసొంటి ఆడబిడ్డను ఎన్నడు సూడలే సారూ."

ఆపైన గొంతు సవరించుకుని, సారుకు అర్థం కావాలని తెలుగులోనే అందుకుంది:

"కంది చేనికి పూత అందం, కడవ నీళ్లకు మూత అందం,
గడప ముంగట ముగ్గు అందం, బసప్ప పక్కన నేనే అందం."

అధికారి నవ్వు ఆపుకోలేకపోయాడు. నియమం ప్రకారం తర్వాతి ప్రశ్న అడగాలి కదా, అడిగాడు. "నామినీ బసప్ప మీకు ఏమవుతారు?"

"ఇంత చెప్పినంక గూడ తెల్వలేదా?"

"మీరు చెప్పాలమ్మా."

"మొగడు."

"ధన్యవాదాలు. ఇప్పుడు మీరు గడప దాటవచ్చు."

అప్పటిదాకా కొంగులు నోట్లో కుక్కుకుని కూర్చున్నారేమో, ఆమె చుట్టూ ఉన్న ఇరుగుపొరుగు ఆడవాళ్లంతా ఒక్కసారి గొల్లున నవ్వారు. అప్పటికి ప్రశ్నలన్నీ అయిపోయాయి గనుక అది ‘ఇతరుల సాయం’ కిందికి రాలేదు. మేడం ఆమోదం వచ్చిందని, నా కోడ్ ఖాయమైందని చెప్పింది. కానీ వినేవాళ్లెవరు? తెర మీద అందరూ మళ్లీ వేయమని ఒకటే గోల. మళ్లీ వేసింది. నేను కెమెరా ఆపేశాను. కళ్ల నీళ్లు వచ్చేలా నవ్వుతున్న నన్ను టీమ్ చూస్తే, ఆ తర్వాత నా గదమాయింపుకు విలువ ఉండదు.

నీలమ్మ ఆ ఏడే వాళ్ల ఊళ్లో ఇంకొందరి నంబర్లు పంపింది. ఎవరికి ఒడపు వచ్చునో, ఎవరికి రాదో కూడా చెప్పింది.

ఆ కోడ్ మీద పోయిన ఏటి దాకా పనిచేశాను. చెవి మందగించాక వదిలేశాను. వినపడనివాళ్లు చేసే ఉద్యోగం కాదది. ఈ పనిలోకి కొత్తగా వచ్చేవాళ్లకు నేను చెప్పేది ఇంతే. వద్దనుకునే మనిషి మౌనం, చెప్పలేని మనిషి మౌనం ఫోన్లో ఒకేలా వినిపిస్తాయి. రెండోదాన్ని మొదటిదనుకుని పెట్టేస్తే కుదిరిన పాలసీ పోతుంది. అడిగే తీరు మార్చి చూడాలి, దానికి పైసా ఖర్చు లేదు. నీలమ్మ తర్వాత ఏ ఇంటి కోడలి దరఖాస్తు నింపినా, పేరు ఉత్తగ చెప్తవా, ఒడపుల చెప్తవా అని ముందే అడిగి గమనిక గడి నింపేదాన్ని.

రాసినదంతా చదివి మా ఆయన, తన పేరు ఎక్కడా లేదేమని అడిగాడు. అడ్డం ఎవరూ నిలబడలేదు కదా అన్నాను.