తాగే కాఢా, తీసే కాఢా

కరోనా సద్దుమణిగిన మరుసటి ఏడాది సంగతి. మహారాష్ట్రలోని రాజురాలో, బస్టాండు దగ్గర నాది మూలికల దుకాణం. ఏడో తరగతిలో బడి మానేసిన పండితుణ్ణి కదా, బోర్డు నేనే రాసుకున్నాను: ‘రివర్‌కు కవచం, కిడ్నీకి కాపలా’. ‘లి’ బదులు ‘రి’ పడింది. వార్ధా నదికి కూడా మందిస్తావా అని ఊరంతా నవ్వింది. నేను దిద్దలేదు. నవ్వడానికి వచ్చినవాళ్లు ఏదో ఒకటి కొనుక్కునే వెళ్లేవారు.

నేనమ్మేది నేల ఉసిరి, గలిజేరు, వాటి ఎక్స్‌ట్రాక్ట్. ఎక్స్‌ట్రాక్ట్ అంటే సారం తీసి ఎండబెట్టిన పొడి. విషాల దెబ్బ నుంచి లివర్‌ను, కిడ్నీలను ఇవి కాపాడతాయేమోనని ఎలుకల మీద పరీక్షలు చేస్తున్నారని సరుకు తెచ్చే ఏజెంటు చెప్పేవాడు. ఎలుకలు వీపున పంపు కట్టుకుని పత్తికి మందు కొట్టవన్న సంగతి మాత్రం చెప్పలేదు.

పురుగుమందు కొట్టే రోజులవి. ఒక మధ్యాహ్నం పక్క ఊరి రైతు పోశన్నను అతని భార్య రాజవ్వ ఆటోలో తెచ్చింది. మనిషి నోటి వెంట చొంగ, చేతులు అదురుతున్నాయి.

“అన్నా, కాఢా ఇయ్యి, జల్ది! పొద్దుగాల నీ పొడితోని కాఢా తాగినంకనే చేన్ల మందు కొట్టిండు. అయినా కక్కుతుండు. సూడు, చెమటకు అంగి ఎట్ల తడిసిందో.”

దగ్గరికి వెళ్తే ఘాటు వాసన. తడిసింది వీపు ఒక్కటే. పంపు కారింది. అది చెమట కాదు.

మా దగ్గర తెలుగులో మరాఠీ కలుస్తుంది. మరాఠీలో కాఢా అంటే కషాయం. ‘తీసెయ్యండి’ అన్నా అదే మాట. కంగారులో నా నోట అదే వచ్చింది.

“కాఢా! కాఢా!”

“అదే అడుగుతున్న గదనే, ఇయ్యి!”

“తాగే కాఢా కాదు చెల్లె! అంగి కాఢా!”

రాజవ్వ నా రెక్క పట్టుకుంది. “మనిషి పోతుంటే గిప్పుడు కూడ నీకు పరాచికమేనా?”

ఇన్నేళ్ల నా హాస్యానికి అంత ఖరీదు ఉంటుందని అప్పటిదాకా తెలియదు. చేతులకు ప్లాస్టిక్ సంచులు తొడుక్కుని గుండీలు తెంపి చొక్కా లాగేశాను. వేర్లు కడిగే డ్రమ్ములోని నీళ్లు కుమ్మరించి, సబ్బుతో వీపంతా కడిగాను. అదే ఆటోలో సర్కారు దవాఖానాకు బయలుదేరాం.

“ఒక్క గుక్కయినా పోస్తనే,” అని రాజవ్వ దారి పొడుగునా ఏడ్చింది.

“నోట్ల ఏం పొయ్యకు, చెల్లె.”

ఇంజెక్షన్లు, సెలైన్లు, లివర్‌కూ కిడ్నీలకూ మళ్లీ మళ్లీ పరీక్షలు. విషం చర్మం గుండా ఎక్కిందని, కడగడం మంచిదైందని డాక్టరు చెప్పాడు. పోశన్న బతికాడు.

ఒంటిమీద విషం ఉండగా లోపల ఏ ఆకు సారం పోసినా అది అడ్డుగోడ కాదు. ఆ మాట ఇప్పుడు అడిగినవాళ్లకూ చెబుతాను, అడగనివాళ్లకూ చెబుతాను.

పత్తి ఏరే రోజుల్లో ఇద్దరూ దుకాణానికి వచ్చారు. పాత అలవాటు ఊరుకోదు కదా.

“ఏం పోశన్నా, కాఢా కావాల్నా?” అన్నాను.

అతను నవ్వాడు. రాజవ్వ నవ్వలేదు. తలెత్తి గుమ్మం పైకి చూసింది.

“ముందుగాల నీ బోర్డు కాఢా, అన్నా.”