దానిమ్మ కొమ్మకు బొట్టు

విదేశంలో, షాంటిలీ అనే ఊళ్లో కేశవరావుని ఎరగని తెలుగువాళ్లు తక్కువ. పగలు ఆఫీసులో సాఫ్ట్‌వేర్ టెస్టింగ్, తీరిక దొరికితే పాత ఫ్రెంచి బొమ్మలు. మూడు నాలుగు వందల ఏళ్ల కిందట ఫ్రెంచి పనివాళ్లు రాగిరేకు మీద మొక్కల్ని గీతలు గీతలుగా చెక్కి, సిరా పూసి, కాగితం మీద అచ్చొత్తిన బొమ్మలవి. ఎవరు భోజనానికి పిలిచినా సరే, పప్పు వడ్డించేలోపే ఆకు ఈనెల గురించి మొదలుపెట్టేవాడు. జనం పాపం తలూపేవారు. భార్య ఛాయాదేవి ఆ మొహమాటం కూడా పెట్టుకోలేదు. పిచ్చి కాగితాలని పేరుపెట్టి, వాటిని బేస్‌మెంట్ దాటి పైకి రానిచ్చేది కాదు.

అలాంటి మనిషిని ఊరి లైబ్రరీవాళ్లు పిలిచి, ఆయన బొమ్మలతో ఎగ్జిబిషన్ పెడతామన్నారు. ఆయన కాళ్లు నేలమీద నిలవలేదు. ఎన్నాళ్లుగానో వెతుకుతున్న దానిమ్మ కొమ్మ బొమ్మ ఒకటి దానికోసమే తెప్పించాడు. పగిలిన కాయలో గింజగింజా విడిగా కనబడే పనితనం. దాన్ని డైనింగ్ టేబుల్ మీద పరిచి, ఫ్రేముకి కొలతలు తీద్దామని టేపు కోసం గరాజ్‌లోకి వెళ్లాడు.

తిరిగొచ్చేసరికి కాగితం మూల పసుపు, దాని మధ్య కుంకుమ బొట్టు. కొత్త కారుకీ కొత్త ఫ్రిజ్‌కీ పెట్టినట్టే ఛాయాదేవి పెట్టేసింది. నలుగురిలోకి వెళ్తున్న వస్తువు, దిష్టి తగలకూడదని ఆమె ఉద్దేశం. కేశవరావు టేపు పక్కన పడేసి కాగితం మీదికి వంగాడు. ఆయన ముఖం చూశాక గానీ తానేం చేసిందో ఆమెకు తెలియలేదు. ఆ పూట ఇద్దరూ అన్నం సరిగా తినలేదు.

పాత కాగితాలు బాగుచేసే ఆవిడ చూసి, మరక చాలావరకు తీసేయొచ్చంది. కాదంటే ఫ్రేము అంచు కింద దాచేయొచ్చంది. కేశవరావు కాసేపు ఆలోచించి, బొమ్మని ఉన్నదున్నట్టే వెనక్కి తెచ్చుకున్నాడు.

ఎగ్జిబిషన్ రోజున దానిమ్మ కొమ్మ బొట్టుతో సహా గోడమీద ఉంది. ఛాయాదేవి సిగ్గుతో చితికిపోయి, భర్తని పక్కకు పిలిచింది.

"అందరూ చూస్తున్నారండీ. క్లీన్ చేయించకుండా ఎందుకు పెట్టారు?"

"ఇన్నేళ్లలో నా బొమ్మల్లో నువ్వు మనది అనుకున్నది ఇదొక్కటే ఛాయా," అన్నాడు కేశవరావు. "దాన్నెట్లా తుడిపించను?"

ఆమె కళ్లు ఒత్తుకుని, బ్యాగ్‌లోంచి కళ్లజోడు తీసి పెట్టుకుని, గుమ్మం దగ్గరున్న మొదటి బొమ్మ వైపు నడిచింది.

"ఇదేం మొక్కో చెప్పండి," అంది.